రెండో రెక్క

మీకెప్పుడైనా ఇలా జరిగిందా? షాపు ముందు పెద్ద గాజు తలుపు. రెండు రెక్కలు, రెండింటికీ నిగనిగలాడే స్టీలు హ్యాండిళ్ళు, రెండింటి మీదా "పుష్" అని స్టిక్కర్లు. చేతినిండా సంచులతో ఒక రెక్కను తోస్తాం. కదలదు. ఇంకాస్త గట్టిగా తోస్తాం. లోపలి నుంచి కుర్రాడు "అటు, అటు" అని చెయ్యి ఊపుతాడు. వెనకాల ఎవరో కిసుక్కుమంటారు. నాకు ఎప్పుడూ తాళం వేసిన రెక్కే తగులుతుంది. "నీ జాతకంలోనే ఉంది" అంటారు మావారు.

ఇన్నాళ్ళూ నేనూ నవ్వేసి ఊరుకున్నాను. పోయిన నెల అత్తయ్యగారితో వెళ్ళినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

మా ఆడపడుచు కూతురి సీమంతానికి చీర కొనాలి. మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా చీర ఎంచేది అత్తయ్యగారే. కొంగు వేళ్ళతో నలిపి చూసి పట్టు అవునో కాదో చెప్పేస్తారు. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ, అంటే ఎనిమిది నెలలుగా, ఆవిడ ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. ఆ రోజు తనే "నేనూ వస్తానమ్మా" అన్నారు. పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టుకుని, వాకర్ పక్కన పెట్టుకుని, ఆటో కోసం కూర్చున్నారు. కూర్మన్నపాలెం నుంచి గాజువాక వచ్చేదాకా రోడ్డు పక్కన మారిపోయిన షాపులన్నీ చూస్తూనే ఉన్నారు.

షాపుకి రెండే మెట్లు. ఎక్కేశారు. తలుపు దగ్గర ఆగిపోయాం. తెరిచేది ఒకటే రెక్క. అదీ సగమే, దాని వెనక చీర కట్టిన బొమ్మ నిలబెట్టారు. ఆ సందులో వాకర్ పట్టదు. వాకర్ వదిలేసి నా చెయ్యి పట్టుకుని వెళ్దామంటే ఇద్దరం పక్కపక్కన పట్టం.

"బాబూ, ఆ రెండోది కూడా కాస్త తీస్తావా?"

"అది తియ్యరండి మేడమ్, ఏసీ పోద్ది."

"రెండు నిమిషాలే నాన్నా."

పాపం, వాడు లోపలికెళ్ళి అడిగొచ్చాడు. "తాళం చెవి ఎక్కడుందో తెలీదంటున్నారండి."

వెనక జనం ఆగిపోయారు. అత్తయ్యగారు అందరి వంకా ఓసారి చూసి, "నువ్వెళ్ళమ్మా, నేనిక్కడ కూర్చుంటాను" అన్నారు. ప్లాస్టిక్ స్టూలు వేశారు. నేను లోపలి నుంచి ఒక్కో చీరా గాజుకి ఆనించి చూపించాను. ప్రతిదానికీ బాగుందని తలూపారు. నా పెళ్ళయిన 22 ఏళ్ళలో ఆవిడ మొదటి చీరకే బాగుందనడం నేను చూడలేదు.

షాపువాళ్ళ బాధలూ ఉంటాయి, కాదనను. లారీలు తిరిగే రోడ్డు, దుమ్ము. ఏసీ కరెంటు బిల్లు. జనం ఒకే దారిన వస్తూపోతూ ఉంటే కనిపెట్టడం తేలిక. కానీ తాళం చెవి ఎక్కడుందో తెలీదన్న మాట నా చెవిలోంచి పోలేదు. లోపల మూడంతస్తుల నిండా బట్టలే. పండగ రోజుల్లో కాలు పెట్టే చోటుండదు. ఏదైనా అయితే?

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో చదివాను. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండ్ అనే ఊళ్ళో, విక్టోరియా హాల్లో పిల్లల కోసం వినోద ప్రదర్శన పెట్టారు. చివర్లో వేదిక మీంచి బహుమతులు పంచుతున్నారని బాల్కనీలో పిల్లలంతా మెట్ల మీంచి కిందికి పరిగెత్తారు. మెట్ల కింద తలుపుని ఒక్కో పిల్ల మాత్రమే పట్టేలా సందు ఉంచి గడియ పెట్టారట. ఒకరి మీద ఒకరు పడి 183 మంది పిల్లలు పోయారు. అక్కడ నిప్పు కూడా లేదు! మన ఢిల్లీలో 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాల్లో మంటలు లేచి 59 మంది చనిపోయినప్పుడు కూడా, బయటపడే దారులు సరిగ్గా లేకపోవడమే కారణాల్లో ఒకటి. బయటికి వెళ్ళే తలుపు లోపలి నుంచి తాళం చెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది.

వారం తర్వాత జాకెట్టు ముక్క మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఓనరుగారితో ఇదంతా చెప్పాను. కోపంగా కాదు, మా అత్తయ్యగారి సంగతి చెప్పాను. "చూస్తామమ్మా" అన్నారు. చూడాలి.

ఇంటికొచ్చి మావారికి చెబుతూ ఆవేశంగా మా వీధి తలుపు వైపు చెయ్యి చూపించాను. చూపించిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మాదీ రెండు రెక్కల తలుపే. ఎడమ రెక్కకి ఎప్పటి నుంచో గడియ. దాని వెనక చెప్పుల స్టాండు, పైన పాత పేపర్లు. అత్తయ్యగారు వరండాలోకి రావాలంటే వాకర్ పక్కకి తిప్పుకుని, గడప మీద ఒంటికాలి మీద నిలబడతారు. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్నాను. ఏ రోజూ నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే స్టాండు తీశాం. సముద్రపు గాలికి గడియ తుప్పు పట్టేసింది. కొబ్బరినూనె పోసి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే గానీ రాలేదు. రెండు రెక్కలూ బార్లా తీసేసరికి గదిలోకి ఎంత వెలుతురొచ్చిందో!

అత్తయ్యగారు వాకర్‌తో నేరుగా వరండాలోకి నడిచారు. కుర్చీలో కూర్చుని, "ఏదీ, ఆ చీర ఇలా తీసుకురా" అన్నారు. కొంగు వేళ్ళతో నలిపి చూశారు.

"ఎంతకిచ్చాడమ్మా ఇది?" అంటూ మొహం చిట్లించారు.

నాకు ప్రాణం లేచొచ్చింది.