ప్రార్థన చీటీలో ఎవరూ రాయని జబ్బు



ఆదివారం ఆరాధనకు ముందు మీరు ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇస్తారు కదా. పదహారేళ్లుగా ఆ చీటీలు చదువుతున్నాను. మోకాళ్ల నొప్పి, షుగరు, బీపీ, గర్భసంచి ఆపరేషన్, అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, గేదె క్షేమంగా ఈనాలి, బోరులో నీళ్లు పడాలి. అన్నీ ఉంటాయి. నా మనసు బాగోలేదు అని రాసిన చీటీ మాత్రం ఒక్కటీ నా చేతికి రాలేదు. ఇంట్లో సమాధానం లేదు అని రాస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు అని రాస్తారు. శత్రువు బాగా శోధిస్తున్నాడు అని రాస్తారు. ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ చీటీ జేబులో పెట్టుకుని సోమవారం సాయంత్రం ఆ ఇంటికి వెళ్తాను.

ఎందుకు రాయరో నాకు తెలుసు. మన ఊళ్లో దీనికి ఒకటే మాట ఉంది, పిచ్చి. ఆ మాట ఒక ఇంటి మీద పడిందంటే జబ్బు ఒకరిదే అయినా ఇంటిల్లిపాదీ మోయాలి. చెల్లెలి సంబంధం తప్పిపోతుంది, అన్నకు పిల్లనివ్వరు. అందుకే దాచుకుంటారు. చదువు లేక, తెలివి లేక దాచుకుంటున్నారని పట్నం వాళ్లు అనుకుంటారు గానీ, అది లెక్క తెలిసి దాచుకోవడమే. ఆ లెక్క మారాలంటే మారాల్సింది జబ్బు పడ్డవాళ్లు కాదు, సంబంధాలు కలుపుకునే మనం.

బెంగళూరులోని నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. మన రాష్ట్రం ఆ 12లో లేదు. అయినా మన మనసులు వేరే మట్టితో చేసినవేమీ కావు. మన సంఘంలో పెద్దవాళ్లం నూట నలభై మందిమి. లెక్క మీరే వేసుకోండి. రెండు చాపల నిండా మనుషులు.

2021లో మిరప తోటల్లోకి నల్ల తామర పురుగు వచ్చిన సంగతి పల్నాడులో ఎవరూ మర్చిపోరు. పూత పూతగానే ముడుచుకుపోయింది. మందు మీద మందు కొట్టారు, పురుగు పోలేదు, అప్పు మాత్రం పెరిగింది. సొంత పొలం ఉన్నవాడికి భూమైనా మిగిలింది. కౌలు రైతుకు కౌలు కూడా కట్టాల్సి వచ్చింది. అలాంటి ఒక సహోదరుడు, ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుని గట్టిగా పాడే మనిషి, ముందు తలుపు దగ్గరికి జరిగాడు, తరువాత రావడమే మానేశాడు. "అన్నం ముందు కూర్చుని అలా చూస్తా ఉంటాడయ్యగారూ, ముద్ద నోట్లో పెట్టడు" అని ఆయన భార్య మా అమ్మగారితో చెప్పింది.

మర్నాడు పొలం గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. కొంచెంసేపు పంట గురించి మాట్లాడి, తిన్నగా అడిగాను. "తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ఆ ఆలోచన ఉన్నవాడికి ఆ ప్రశ్న తలుపు తీసినట్టుంటుంది, లేనివాడు లేదని చెప్తాడు. ఆయన చాలాసేపు ఏడ్చాడు. తరువాత, "ఎవరన్నా అడుగుతారేమోనని మూడు వారాల నుంచీ చూస్తన్నానయ్యగారూ" అన్నాడు.

ఆ రోజు పొలంలోనే ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. ఇంటికి వచ్చి, పురుగుమందు డబ్బాలన్నీ ఆయన అన్న ఇంటి గదిలో పెట్టి తాళం వేయించాం. యవ్వనస్థులు ఇద్దరిద్దరు చొప్పున వారం రోజులు ఆ ఇంటి వసారాలో పడుకున్నారు, సెల్‌ఫోన్లో క్రికెట్ చూసే మిషతో. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తేడా వల్లా, రక్తం తక్కువ వల్లా కూడా మనిషి ఇలా కుంగిపోవచ్చట. ఆ తరువాత బిళ్లలు ఇచ్చి, "ఇవి పని చేయడం మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నాలుగో రోజున మానేయొద్దు" అన్నారు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. జ్వరం బిళ్లలా గంటలో తెలిసే మందులు కావివి.

అయితే బిళ్ల అప్పు తీర్చదు కదా. సంఘ పెద్దలు ఇద్దరు వడ్డీ ఇచ్చినాయన దగ్గరికి వెళ్లి కూర్చుని గడువు మాట్లాడారు. మరొకరు కౌలు రైతు కార్డు కోసం ఆయన్ని వెంటబెట్టుకుని సచివాలయానికి మూడుసార్లు తిరిగారు. ఆయన భార్యకు డ్వాక్రా సంఘం సహోదరీలు తోడున్నారు, వాళ్లలో సగం మంది మన మందిరానికి రానివాళ్లే. ఇప్పుడు ఆయన ఎలా ఉన్నాడంటే, మునుపటిలా గట్టిగా పాడడు గానీ పాడుతున్నాడు.

ఏలీయా ప్రవక్త కథ మీకు తెలుసు. కర్మెలు మీద అంత గొప్ప విజయం తరువాత, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షం కింద పడి, ప్రభువా ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవుడేం చేశాడో నెమ్మదిగా చదవండి. విశ్వాసం చాలలేదని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ తినిపించాడు. మాట్లాడింది హోరేబుకు చేరాకే, అదీ ముందు ప్రశ్న అడిగి. నేనొక్కణ్ణే మిగిలాను అన్నవాడికి ఇంకా ఏడువేల మంది ఉన్నారని చూపించి, ఎలీషాను తోడిచ్చాడు. కుంగిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లగానే వాక్యం ఎత్తిచూపే పెద్దలు ఈ అధ్యాయం ముందు చదువుకుని బయలుదేరితే బాగుంటుంది. వెళ్లేటప్పుడు కాస్త పెరుగన్నం కూడా పట్టుకెళ్లండి.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి ఒకటుంది. చెప్పే తీరాలి. మన సహోదరి ఒకామె ఏళ్ల తరబడి మందులు వాడుతూ చక్కగా ఇల్లు దిద్దుకుంటోంది. చెవుల్లో మాటలు వినబడే జబ్బు ఆమెది, మందులతో అదుపులో ఉంది. పక్క మండలంలో ఉజ్జీవ సభలకు వెళ్లింది. అక్కడికొచ్చిన బోధకుడొకరు, స్వస్థత పొందినవారు బిళ్లలు ముట్టకూడదు, ముడితే అవిశ్వాసం అని చెప్పారట. ఆమె బిళ్లలన్నీ కాలువలో పారేసి, ఆదివారం వచ్చి, "సాక్ష్యం చెప్తానండీ అయ్యగారూ" అంది. మొహం వెలిగిపోతోంది. అలాంటి మొహాన్ని చూసి వద్దమ్మా అని చెప్పడం తేలిక కాదు. చెప్పాను. వినలేదు. నాలుగో వారానికి నిద్ర పోయింది. పక్కింటివాళ్లు బిందెలో ఏదో కలుపుతున్నారని నీళ్లు తాగడం మానేసింది. మళ్లీ మామూలు మనిషి కావడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి సభల పందిరి విప్పేశారు, బోధకుడు వేరే ఊరు వెళ్లిపోయారు. రాత్రంతా దీపం ఆర్పకుండా కూర్చున్నది ఆమె తల్లి.

ఆ బోధకుణ్ణి నేనొకసారి భోజనాల దగ్గర చూశాను. షుగరు బిళ్ల వేసుకోవడానికి నన్నే మంచినీళ్లు అడిగారు.

మన గుంటూరు సీమలో సువార్త, వైద్యం వేర్వేరు దారుల్లో రాలేదు. 1883లో ఈ దేశానికి వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచింది. మన నాయనమ్మలు ఎంతమంది అక్కడ పురుళ్లు పోసుకున్నారో. మూడో సువార్త రాసిన లూకా వైద్యుడు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్యశాలలో రోగిని ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లు కూడా పక్కనే ఉండి చూసుకునే పద్ధతి ఉంది. కడుపుకూ కాలికీ ఒప్పుకున్న వైద్యాన్ని తలకాయకు ఎందుకు ఒప్పుకోమో నాకు అర్థం కాదు. దేవుడు చేసిన ఒంట్లో మెదడు కూడా ఒక అవయవమే.

మరి దయ్యాల సంగతేంటి అయ్యగారూ అని అడుగుతారు. యేసుప్రభువు దయ్యాలను వెళ్లగొట్టాడని నేను నమ్ముతాను, బోధిస్తాను. కానీ మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చివర చూడండి. ప్రభువు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితాలో దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు వేరు, పక్షవాయువు గలవాళ్లు వేరు. మూర్ఛ వచ్చేవాళ్లనే మన పాత అనువాదం చాంద్రరోగులు అంది. రెండువేల ఏళ్ల కిందట వేరుచేసి రాసిన దాన్ని మనం ఇవాళ కలిపేయడం ఏం న్యాయం? ఎవరినైనా ప్రార్థనకు తెస్తే నేను ముందు అడిగేది డాక్టరుకు చూపించారా అనే. చూపించకపోతే ప్రార్థన చేసి, చూపించడానికి నేనే తోడు వెళ్తాను.

కొట్టడం, పస్తులు పెట్టడం, కట్టేయడం మాత్రం మన మందిరం ఆవరణలో జరగవు. ఈ మాట అందరూ వినాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన రోగులున్న పాకకు నిప్పంటుకుంది. 28 మంది పారిపోలేక కాలిపోయారు. అది ఒక దర్గా దగ్గర జరిగింది గనుక మనకు సంబంధం లేదని ఎవరూ అనుకోవద్దు. గొలుసుకు మతం లేదు, మన ప్రార్థనా గృహాల్లోనూ చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులు వేయడం నిషేధం. ప్రాణం తీసుకోబోయినవాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి తప్ప శిక్షించకూడదని కూడా ఆ చట్టమే చెప్తోంది. కాబట్టి పోలీసు కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి, 108కి ఫోను చేయండి.

ఉపవాస ప్రార్థనల గురించి ఒక చిన్న మాట. మనసుకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. కొన్ని మందులు వాడేటప్పుడు ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం. దేవుడు మీ ఖాళీ కడుపును లెక్కపెట్టుకునేవాడు కాడు.

సేవకులకు కూడా ఇది వస్తుంది. స్పర్జన్ గారి పేరు వినని పాస్టరు లేడు. 1856 అక్టోబరులో లండన్‌లో, ఆయనకు ఇరవై రెండేళ్లప్పుడు, ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో నిప్పు అని అబద్ధంగా అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బకు మనిషి కుప్పకూలిపోయాడు, ఆ తరువాత జీవితమంతా మధ్యమధ్య కుంగుబాటుతోనే నడిచాడు. దాన్ని దాచుకోకుండా తన వేదాంత విద్యార్థులకు పాఠంగా చెప్పాడు. మేం సెమినరీలో ఆయన ప్రసంగాలు చదివాం గానీ ఈ పాఠం ఎవరూ చదివించలేదు.

టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోను సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మందిరం గోడ మీద సండేస్కూలు పిల్లల చేత ఆ నంబరు రాయించాం. ఆరు తలకిందులుగా వచ్చింది, దిద్దించాం.

మన మందిరంలో చాపలు పరిచే తమ్ముణ్ణి మీరంతా ఎరుగుదురు. ఒకప్పుడు అరుగు మీద కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటుంటే పిల్లలు రాళ్లు విసిరేవాళ్లు. ఇప్పుడు ఆదివారం ఆరున్నరకే వచ్చి చాపలు పరుస్తాడు. ఎవరైనా చాప వంకరగా జరిపితే ఊరుకోడు, పెద్దలైనా సరే. ప్రసంగం మధ్యలో లేచి బయటికి వెళ్తాడు, మళ్లీ వస్తాడు. ప్రభురాత్రి భోజనం అందరిలాగే తీసుకుంటాడు. మొదట్లో అతనికి అర్థమవుతుందా అని ఒకరిద్దరు అడిగారు. మనకెంత అర్థమైందో చెప్పమన్నాను.

అతనికి సదరం సర్టిఫికెట్ వచ్చింది, పింఛను వస్తోంది. మందులు నెలనెలా మన సహోదరులు వంతులవారీగా తెస్తున్నారు. కానీ తల్లికి డెబ్బై దాటాయి. మొన్న బుధవారం కూడిక అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చి, "నేను పోయాక వీడికి అన్నం ఎవరు పెడతారయ్యగారూ?" అని అడిగింది. దేవుడున్నాడమ్మా అని నేననలేదు. దేవుడున్నాడని ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆమె అడిగింది పేర్లు.

ఒకటో తారీఖు పెద్దల కూడికలో మొదటి అంశంగా ఇదే పెట్టాను. ఆ ఇంటికి దగ్గరగా ఉన్న మూడు కుటుంబాలతో ముందుగా మాట్లాడాను. రెండు ఇళ్లవాళ్లు సరేనన్నారు. మూడో ఇంటివాళ్లు ప్రార్థన చేసుకుని చెప్తామన్నారు.

ప్రభువునందు మీ సహోదరుడు.