లోయలోని నిశ్శబ్దం

ఇంగ్లండు ఉత్తర భాగంలో, పెనైన్ కొండల నడుమ, హెబ్డెన్ బ్రిడ్జ్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి నుండి వాగు వెంట ఎగువకు రెండు మైళ్ళు నడిస్తే కొండలు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. ఇరువైపులా ఓక్, బీచ్, పైన్ వృక్షాలు కమ్ముకుంటాయి. చెట్ల మధ్య పెద్ద పెద్ద గండశిలలు తలలెత్తి నిలుస్తాయి. వాటి మూలంగానే ఆ లోయకు హార్డ్‌కాసిల్ క్రాగ్స్ అని పేరు వచ్చింది. చుట్టుపక్కల మిల్లు పట్టణాల వారు ఒకప్పుడు దీనిని ముద్దుగా 'చిన్న స్విట్జర్లాండు' అని పిలుచుకునేవారు. పొగ గొట్టాల నీడన వారమంతా గడిపిన వారికి ఈ లోయలో ఒక్క ఆదివారం గడపటమే ఒక యాత్ర.

ఒక మే నెల ఉదయాన ఆ లోయకు మంగళగిరి నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బయలుదేరారు. కూతురు లీడ్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. మాస్టారు ఆమె ఇంటికి వచ్చి మూడు వారాలయింది. రాజభవనాలు, మ్యూజియములు చూపించింది కాని, తండ్రి ముఖంలో అలసటే తప్ప ఆనందం కనబడలేదు. "నాన్నా, ఈ ఆదివారం ఏమీ చూడవద్దు. ఊరికే చెట్ల కింద నడిచి వద్దాం" అన్నది. ఆయన సంతోషంగా తల ఊపారు.

బాట వాగు పక్కనే సాగింది. వాగు పేరు హెబ్డెన్ వాటర్. కొండల మీది బురదనేలల గుండా ప్రవహించి రావటం వల్ల ఆ నీటికి పలుచని టీ రంగు. చెట్ల కింద నేలంతా నీలిగంటల వంటి పూలు పరచుకొని ఉన్నాయి. నీటి మధ్య రాయి మీద ఒక బొద్దుపిట్ట, రొమ్ము మీద తెల్లని మచ్చతో, వంగి లేస్తూ ఉన్నది. ఉన్నట్టుండి అది నీటిలోకి దిగి, అడుగున పురుగులను వెదుక్కొని, మళ్ళీ పైకి వచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడింది. మాస్టారు చిన్నపిల్లవాడిలా నవ్వారు.

మరికొంత దూరాన బాట పక్కన పైన్ ఆకుల సూదులతో కట్టిన గోపురాల వంటి పుట్టలు కనిపించాయి. ఈ లోయలోని అడవిచీమలు ఇంగ్లండులో బహు తక్కువ చోట్ల మాత్రమే కానవచ్చే జాతివి. చెట్లెక్కి, ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగులను పశువుల్లా కాచుకొని, అవి విడిచే తీపిద్రవాన్ని ఇంటికి మోసుకొని పోతాయి. వేలాది చీమలు పనిలో ఉన్నా చప్పుడు లేదు. "ఇంత పని జరుగుతున్నా ఎంత ప్రశాంతంగా ఉన్నదో చూడమ్మా" అన్నారాయన.

మలుపు తిరిగేసరికి ఎదుట ఒక రాతి కట్టడం నిలిచింది. పక్కన చెరువు, పైన పొగగొట్టం, గోడ నిండా వరుస కిటికీలు. "ఇది గిబ్సన్ మిల్లు నాన్నా. పాత నూలు మిల్లు" అన్నది కూతురు. మాస్టారి నడక ఆగిపోయింది.

ఆయన పుట్టినది నేతపనివారి ఇంట. మంగళగిరి కొండ కింద గుంట మగ్గం మీద తండ్రి యాభై ఏళ్ళు నేశాడు. తల్లి ఆసు పోసేది. బడికి వెళ్ళేముందు, వచ్చిన తరువాత, కండెలు చుట్టటం పిల్లల వంతు. ఆ ఇంట 'మిల్లు' అన్న మాట ఒక శత్రువు పేరులా పలికేవారు. తాతగారి కాలంలో అది మాంచెస్టరు మిల్లు. తండ్రి కాలంలో బొంబాయి, అహమ్మదాబాదు మిల్లు. ఆ తరువాత మరమగ్గం. పేరు మారినా, మగ్గం మీద చీర అమ్ముడుపోక దండెం మీద మిగిలిపోవటం మాత్రం మారలేదు. ఆ మాంచెస్టరు నగరం ఈ లోయకు సుమారు పాతిక మైళ్ళ దూరంలోనే ఉన్నది.

మాస్టారు పిల్లలకు చరిత్ర చెప్పినవారు. మచిలీపట్నం రేవు నుండి ఓడలకెక్కిన అద్దకపు వస్త్రాలకు ఐరోపాలో ఎంత గిరాకీ ఉండేదో, ఆ పోటీకి తాళలేక 1721లో బ్రిటిష్ పార్లమెంటు రంగులద్దిన నూలు గుడ్డలను ఇంగ్లండులో కట్టరాదని ఎలా శాసించిందో, ఆ శతాబ్దం చివర యంత్రాలు పుట్టి వ్యాపారపు దిక్కునే ఎలా మార్చివేశాయో, నల్లబల్ల మీద ఎన్నోసార్లు వ్రాసినవారే. కాని ఆ చరిత్ర ఇలా పూల మధ్య, పిట్టల కూతల మధ్య ఎదురవుతుందని ఆయన అనుకోలేదు.

లోపల గోడల మీద మిల్లు కథ వ్రాసి ఉన్నది. 1800 ప్రాంతంలో దీనిని కట్టారు. ఈ వాగు నీరే చక్రాన్ని త్రిప్పింది. చక్రం యంత్రాలను త్రిప్పింది. 1833 నాటికి ఇక్కడ 21 మంది పనిచేసేవారు. ఒక్కొక్కరికి సగటున వారానికి 72 గంటల పని. అంటే ఆరు రోజులు, రోజుకు పన్నెండు గంటలు. ఆ కాలపు నూలు మిల్లులలో పసిపిల్లలు పనిచేయటం మామూలు. తొమ్మిదేళ్ళు నిండని పిల్లలను నూలు మిల్లులలో పెట్టుకోరాదని, పదమూడేళ్ళ లోపువారి చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదని చట్టం వచ్చినది కూడా ఆ 1833లోనే. ఆ చట్టం అమలును చూడటానికి దేశం మొత్తానికి నియమించిన ఇన్‌స్పెక్టర్లు నలుగురే. ఇక బ్రిటిష్ మిల్లులు వడికిన పత్తిలో అధికభాగం అమెరికాలో నల్లజాతి బానిసల చేతుల మీదుగా వచ్చినది.

మాస్టారు ఆ అంకెల ముందు చాలాసేపు నిలబడ్డారు. "నేను కూడా తొమ్మిదేళ్ళకే కండెలు చుట్టానమ్మా" అన్నారు మెల్లగా. "కాని పక్కన మా అమ్మ ఉండేది. నిద్ర వస్తే ఆమె ఒళ్ళో పడుకునేవాణ్ణి. ఈ పిల్లలు ఎవరి ఒళ్ళో పడుకున్నారో!"

చిన్ననాటి నుండి ఆయన మనసులో 'మిల్లు'కు ఒక ముఖం ఉండేది. అది యజమాని ముఖం, దొర ముఖం. ఆ రాతి గదిలో మొదటిసారిగా దానికి మరో ముఖం కనిపించింది. చలికాలపు చీకటిలో లేచి, ఈ అడవిబాటనే నడిచి వచ్చి, చీకటి పడ్డాక ఇదే బాటను తిరిగి వెళ్ళిన పసివాడి ముఖం అది. వాడికి ఈ లోయ ప్రశాంతంగా కనిపించి ఉంటుందా? వాడు ఈ నీలిపూలను ఏనాడైనా ఆగి చూశాడా?

1890లో మిల్లు ఆగిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో యంత్రాలున్న చోట భోజనశాల, నృత్యశాల, చక్రాల బూట్లతో జారే ఆటస్థలం వెలిశాయి. చక్రానికి నీరందించిన చెరువులో పడవ షికార్లు సాగాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అదీ పోయి కట్టడం పాడుపడింది. 1950లో లోయ యజమాని లార్డ్ సావిల్ ఈ అడవిని నేషనల్ ట్రస్టుకు దానం చేశారు. అందమైన స్థలాలను ప్రజల కోసం కాపాడటానికి 1895లో ఏర్పడిన సంస్థ అది. దాని ఆధ్వర్యంలో బాగుపడిన మిల్లు 2005లో మళ్ళీ తలుపులు తెరిచింది. దీనికి బయటి కరెంటు తీగ లేదు. వాగు నీటితోను, ఎండతోను విద్యుత్తు తయారవుతుంది, ఈ అడవి కట్టెలే వెచ్చదనాన్నిస్తాయి, ఊటనీరే తాగునీరు. మనుషులను అలసట మరచి పరుగెత్తించిన ఆ నీరే ఇప్పుడు దీపం వెలిగిస్తున్నది.

అయితే ఈ లోయ అసలు మిగలవలసింది కాదు. ఎగువ కొండల మీద ఇరవయ్యో శతాబ్దారంభంలోనే మూడు జలాశయాలు కట్టారు. తరువాత ఈ లోయకే ఆనకట్ట వేసి, పట్టణాల దాహం తీర్చాలని ఒకటికి రెండుసార్లు ప్రయత్నాలు జరిగాయి. 1970లో చివరి ప్రతిపాదన పార్లమెంటులో వీగిపోయింది. వీగిపోకుంటే మిల్లు, పుట్టలు, పూలు అన్నీ నీటి అడుగున ఉండేవి. ఇది విన్నప్పుడు మాస్టారికి నాగార్జునకొండ గుర్తుకు వచ్చింది. ఆ లోయ మునిగింది. శిల్పాలను కొండ మీదికి చేర్చి మిగిలినది కృష్ణమ్మకు అప్పగించాము. ఆ నీటితో లక్షల ఎకరాలు పండాయి, ఆ అన్నం తిని ఒక తరం పెరిగింది. కనుక ఆనకట్టను నిందించటానికి ఆయనకు నోరు రాలేదు. ఉన్న లోయను ఉంచుకోవటం వెనుక కూడా ఎవరో పూనుకొని పోరాడి ఉండాలని మాత్రం తోచింది. ప్రశాంతత అడవిలో దానంతట అది మొలిచే మొక్క కాదు.

తిరుగుదారిలో కూతురు ఆయనను లోయ పైనున్న హెప్టన్‌స్టాల్ అనే కొండ మీది ఊరికి తీసుకొని వెళ్ళింది. నల్లబడిన రాతి ఇళ్ళు, ఇరుకు వీధులు. చాలా ఇళ్ళకు పై అంతస్తున ఒక వింత ఉన్నది: ఒకదాని పక్కన ఒకటి, నాలుగైదు సన్నని కిటికీలు, మధ్యలో రాతి కమ్మెలు మాత్రమే. దిగువ గదులకు అంతటి కిటికీలు లేవు.

"పైన అన్ని కిటికీలు ఎందుకో?" అన్నది కూతురు.

మాస్టారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. "మగ్గానికి వెలుతురు కావాలి గదమ్మా" అన్నారు.

నిజమే. హెప్టన్‌స్టాల్ చేనేతల ఊరు. పదహారవ శతాబ్దంలోనే ఇక్కడ బట్టల అంగడి కోసం ప్రత్యేకంగా ఒక భవనం లేచింది. భార్యాపిల్లలు ఉన్ని వడికితే, మగవారు ఈ కిటికీల దగ్గర కూర్చొని నేసేవారు. తరువాత దిగువ లోయల్లో నీటి చక్రాలు, వాటి వెనుక ఆవిరి యంత్రాలు తిరిగాయి. కొండ మీది మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేతగాని బిడ్డలు వాలు దిగి మిల్లు గంటకు పరుగెత్తారు. మంగళగిరి మగ్గాన్ని వేధించిన యంత్రం అంతకుముందే తన ఇంటి మగ్గాన్ని మింగింది.

ఆయన వీధికి ఆనుకొని ఉన్న గోడ మీద అరచేయి ఆనించి నిలబడ్డారు. దిగువన లోయ పచ్చగా, మౌనంగా ఉన్నది. వాగు చప్పుడు అంత ఎత్తుకు వినిపించటం లేదు. కొంతసేపటికి కూతురు, "ఏమాలోచిస్తున్నారు నాన్నా?" అని అడిగింది.

"మా నాన్న ఈ వీధిలోకి వచ్చి ఉంటే భాష తెలియక ఇబ్బంది పడేవాడు" అన్నారాయన. "కాని ఆ మేడగదిలోకి వెళ్ళి మగ్గం ముందు కూర్చుంటే ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకునేవారు."

బస్సు వచ్చేదాకా ఆయన ఆ కిటికీలనే చూస్తూ ఉన్నారు.