పిల్లి కుట్లు, అమ్మ కళ్ళు

మొన్న జనవరిలో పన్నెండు రోజులు వేములవాడలో కూర్చుని పని చేశాను. "ఏంటి, పొలం పంచాయితీయా?" అన్నాడు మా మేనేజర్. "కాదు, పిల్లికి ఆపరేషన్" అన్నాను. కాల్‌లో ఉన్నవాళ్ళు మ్యూట్ తీసి మరీ నవ్వారు. నవ్వితే నవ్వారు లెండి.

నిజానికి ఆ పిల్లి నాది కాదు, మా అమ్మది. అమ్మది కూడా కాదు. బాపు పోయిన ఏడాదికి పెరటి గోడ దూకి వచ్చింది, పెరుగన్నం తింది, ఉండిపోయింది. పేరు మల్లి. రెండేళ్ళలో మూడుసార్లు ఈనింది. ప్రతిసారీ పిల్లల్ని ఎవరికివ్వాలో తెలీక అమ్మ గల్లీ గల్లీ తిరిగేది. కిందటిసారి రెండు పిల్లలు బండి కింద పడ్డాయి. ఆ రోజు ఫోన్ చేసి "ఇగ నాతోని కాదు కొడుకా, ఏదన్న చెయ్యి" అంది.

మా దగ్గర పశువుల డాక్టరు దగ్గర ఎప్పుడు చూసినా బర్రెలూ మేకలే. అందుకని మల్లిని మూత ఉన్న బుట్టలో పెట్టి, ముప్పై అయిదు కిలోమీటర్లు దాని అరుపులు వింటూ, కరీంనగర్ తీసుకెళ్ళాను. గర్భసంచీ, అండాశయాలూ తీసేసి సాయంత్రానికి చేతిలో పెట్టారు. పొట్ట మీద ఒకటిన్నర అంగుళం కోత, అయిదు కుట్లు. మెడకో ప్లాస్టిక్ కోను, మూడు రోజులకు నొప్పి మందు, జాగ్రత్తలు రాసిన ఒక కాగితం.

కాగితంలో ఉన్నది నాలుగే ముక్కలు. పది పద్నాలుగు రోజులు నాకనివ్వొద్దు, దూకనివ్వొద్దు, తడవనివ్వొద్దు. రోజుకు రెండుసార్లు కోతను చూడాలి. అంతే! రాయడానికి మందు లేదు, కట్టు లేదు. నాకు ఏదో ఒకటి చేస్తే తప్ప పని చేసినట్టుండదు. ఉత్తగా చూడటం కూడా ఒక పనేనా అనిపించింది.

కోను చూసి అమ్మ నోరెళ్ళబెట్టింది. "గిదేందిరా, జాతరకు మైకు కట్టినట్టు?" అంది. పిల్లి నాలుక మీద చిన్న చిన్న ముళ్ళుంటాయి, నాకితే కుట్లు లాగేస్తుంది, నోట్లో క్రిములన్నీ లోపలికి పోతాయి అని చెప్పాను. "మరి జర పసుపన్న రాయరాదురా" అంది. వద్దన్నాను. పొడి కోతలో ఇరుక్కుంటుంది. పైగా పసుపు రాస్తే ఎరుపు కనబడదు, మనం చూడాల్సిందే ఆ ఎరుపు. ఈ మాట అమ్మకు నచ్చింది, పసుపు డబ్బా లోపల పెట్టేసింది. డెట్టాల్ లాంటివీ వద్దన్నాను. పిల్లులకు అవి విషం.

పక్కింటి చిన్నమ్మ ఇంకో అడుగు ముందుకేసి "సగం పారాసిటమాల్ గోలి ఎయ్యిన్రి, మూల్గుతున్నది పాపం" అంది. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. మన కాలేయం ఆ మందును విరగ్గొట్టి బయటికి పంపే పద్ధతి పిల్లికి సరిగ్గా లేదు. దాని ఎర్ర రక్తకణాలు పాడయి రక్తం ఆక్సిజన్ మోయలేదు. ఒక్క మాత్ర చాలు, పిల్లి చచ్చిపోవచ్చు. డాక్టరిచ్చిన మందు తప్ప ఇంకేదీ వద్దు.

రెండో రోజు రాత్రి మల్లి కోను పీకేసి సజ్జ ఎక్కి కూర్చుంది. నిచ్చెనేసి దింపేసరికి నా పనయిపోయింది. పైకి మానినట్టు కనబడ్డా లోపల బలం రావడానికి చాలా రోజులు పడుతుంది. రెండు వారాలకు కూడా మామూలు చర్మం బలంలో చిన్న వంతే వస్తుంది. అందుకే అన్ని రోజులు దూకొద్దనడం. మళ్ళీ కోను వేస్తే మళ్ళీ పీకేసింది. అమ్మ కాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి బాపు పాత బనీను తెచ్చింది. కత్తిరించి, నాలుగు కాళ్ళకు నాలుగు బొక్కలు పెట్టి, తోక దగ్గర తడవకుండా పైకి మడిచి, వీపు మీద ముళ్ళేసింది. మల్లి కాసేపు చెక్కబొమ్మలా నిలబడి, తర్వాత నడిచింది. కోత పూర్తిగా మూసుకుంది, నాలుక అందదు. పొద్దునా సాయంత్రం విప్పి చూసి, తడిగా ఉంటే మార్చి, మళ్ళీ కట్టేవాళ్ళం.

నేను రోజూ ఒకే టైముకు, ఒకే బల్బు కింద ఫోటో తీసి నిన్నటి దాంతో పోల్చేవాణ్ణి. అలవాటు పోదు కదా :) అమ్మ ఫోటోలు చూసేది కాదు. దగ్గరికొంగి వాసన చూసేది, అరచేతి వెనక వైపు ఆనించి వేడి చూసేది.

అయిదో రోజు కోత కింద బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. నాకు గుండె జారిపోయింది. డాక్టరుకు ఫోటో పంపేలోపే అమ్మ చెయ్యి ఆనించి "కాలుత లేదు. వాసన లేదు. రసి లేదు. పొద్దుగాల అన్నం తిన్నది. ఏం గాదు" అంది. డాక్టరు కూడా అదే అన్నాడు. లోపలి కుట్ల దగ్గర అలా గట్టిపడటం మామూలేనట, పెరిగితే తీసుకురమ్మన్నాడు.

"నీకెట్ల తెలుసమ్మా?" అని అడిగాను.

"మీ బాపుకు సెయ్యలేదా" అంది.

2014లో బాపుకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు నేను డల్లాస్‌లో ఉన్నాను. డబ్బు పంపాను, రోజూ ఫోన్ చేశాను, అన్నీ చేస్తున్నాననుకున్నాను. ఆరో రోజు అమ్మ "కుట్ల కాడ ఏదో తేడగున్నదిరా, వాసనొస్తున్నది" అంది. నేను నెట్‌లో పది నిమిషాలు చదివి "కొంచెం ఎర్రబడటం మామూలేనమ్మా, ఇంకో రెండు రోజులు చూడు" అన్నాను. అమ్మ నా మాట వినలేదు. తెల్లారి మొదటి బస్సుకే బాపును కరీంనగర్ తీసుకెళ్ళింది. లోపల చీము. రెండు కుట్లు విప్పి కడిగారు. తర్వాత మూడు వారాలు ఇంట్లోనే కట్టు మార్చారు. ఎవరు మార్చారని నేనెప్పుడూ అడగలేదు. ఇంకెవరు మారుస్తారు? బాపు లేచి తిరిగాక అమ్మ రాజన్నకు కోడె కట్టింది. ఆ ఫోటో నాకు మెయిల్లో వస్తే, బాగుందని జవాబిచ్చాను.

"అప్పుడెట్ల గుర్తువట్టినవ్?" అన్నాను.

"గుర్తువట్టుడేంది? దినాం సూసేదాన్ని. దినాం సూస్తే కొత్తది ఇట్టే కనవడ్తది."

"నేను ఫోన్ల ఏమన్ననో యాదికున్నదా?"

"ఉన్నది" అంది అమ్మ. బనీను ముడి సర్ది, పిల్లిని కింద దింపింది.

అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. రెండు రోజులు చూడు అని చెప్పిన నాకు, చూడటమంటే ఏంటో అప్పటికి తెలీదు.

పన్నెండో రోజు కుట్లు తీయించాం. సన్నటి గీత మిగిలింది, ఎరుపు లేదు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలాంటి పని పడితే పెద్ద విద్యేం కాదు. ఎరుపు పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, చీమో చెడు వాసనో వచ్చినా, కోత విచ్చుకున్నా, రోజంతా ఏమీ తినకపోయినా ఆగకుండా డాక్టరు దగ్గరికెళ్ళండి. మిగతాదంతా రోజూ చూడటమే. అయితే ఆ చూసేవాళ్ళు అక్కడ ఉండాలి. దూరం నుంచి ఫోన్ చేస్తుంటే మాత్రం, అక్కడున్నవాళ్ళు "తేడగున్నది" అన్నప్పుడు వాళ్ళ మాట నమ్మండి.

బనీను అమ్మ ఉతికి ఆరేసింది. పారెయ్యలేదు. నేను బయల్దేరేటప్పుడు దండెం మీదే ఉంది, నాలుగు బొక్కలతో.