అమ్మ కొళాయి

మా వంటింటి కొళాయి కారుతోందని మొదట చెప్పింది ఇంట్లోవాళ్లు కాదు, పక్కింటామె. "రాత్రంతా మీ ఇంట్లో టప్‌ టప్‌మని ఒకటే చప్పుడు. మీకు నిద్రెట్లా పడతాదో!" అంది. మాకు అలవాటైపోయింది మరి. గోడగడియారం చప్పుడు ఆ ఇంట్లోవాళ్లకు వినపడుతుందా?

ఆ రాత్రి సింకులో పది లీటర్ల గిన్నె పెట్టి పడుకున్నాను. ఎనిమిది గంటల తర్వాత లేచి కొలిస్తే ఏడు లీటర్లు. రోజుకు 21. ఏడాదికి లెక్కేస్తే 7,600 దాటింది. ఎండాకాలంలో మేం డబ్బు పెట్టి కొనే ట్యాంకరులో పట్టేది 5,000 లీటర్లు! ఏటా ఒకటిన్నర ట్యాంకరు నీళ్లు చప్పుడు చేసుకుంటూ మురిక్కాలవలోకి పోతున్నాయన్నమాట.

"మార్చేద్దాం" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

ఆ కొళాయి కథ అలాంటిది. తిరుపతి బైరాగిపట్టెడలో మా నాయన ఇల్లు కట్టినప్పుడు దగ్గరుండి బిగించుకున్న ఇత్తడి కొళాయి అది. అంతకుముందు అమ్మ నీళ్ల కోసం వీధి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టి నిలబడేది. వంటింట్లో ఉన్నచోటి నుంచే చెయ్యి చాపితే నీళ్లు రావడం ఆమెకు ఆ కొళాయితోనే మొదలు. నాయన పోయాక దాన్ని చింతపండు పెట్టి మరింత మెరిసేలా తోముతూ వచ్చింది.

ప్లంబరును పిలిచాం. అతను నన్నే మందలించాడు. "కారే ప్రతి కొళాయినీ మార్చేస్తారా సార్? ఎక్కడ కారతా ఉందో చూడాల ముందు" అన్నాడు. మూతి నుంచి చుక్క పడితే లోపలి రబ్బరు వాషరు అరిగినట్టు. తిప్పే పిడి మొదట్లో చెమ్మ ఊరితే అక్కడ చుట్టిన నూలు పోయినట్టు. గోడ దగ్గర కారితే టెఫ్లాన్‌ టేపు మళ్లీ చుట్టాలి. ధార సన్నబడితే మూతి దగ్గరి జల్లెడలో ఉప్పు పేరుకున్నట్టు. దాన్ని విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కాసేపు నానబెడితే ఆ తెల్లటి పొర కరుగుతుంది. మన వైపు బోరు నీళ్లు రాళ్ల పొరల్లోంచి సున్నం మోసుకొస్తాయి కదా, ఈ బాధ చిత్తూరు దాకా ఇంటింటా ఉన్నదే. వీటిలో దేనికీ కొత్త కొళాయి అక్కర్లేదు.

పది రూపాయల వాషరు వేసి వెళ్లాడు. నెలకు మళ్లీ టప్‌ టప్‌. ఇంకో వాషరు. ఈసారి మూడు వారాలే.

మూడోసారి విప్పి, టార్చి వేసి చూపించాడు. వాషరు ఆనుకునే ఇత్తడి అంచు మీద గాట్లు పడ్డాయి. 2021 నవంబరు వరదలకు మా సంపులోకి బురద చేరింది. ఆ ఇసుక అంచును గీరేసింది. అది సమంగా లేకపోతే ఎన్ని వాషర్లు వేసినా దండగే. "అంచును మళ్లీ చెక్కే పనిముట్టు ఉంది సార్, కానీ ఒళ్లంతా చిలుము పట్టి పలచబడిపోయింది. మర కూడా అరిగింది. ఇంక దీని పని అయిపోయింది" అన్నాడు.

"ఇంకొక్కటి వెయ్యి నాయనా, గట్టిగా తిప్పితే ఆగతాది" అంది అమ్మ.

"గట్టిగా తిప్పితే ఇంకా అరగతాదమ్మా" అన్నాడతను.

సరే, నాలుగో వాషరు వేయించాం. ఆ మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పదకొండు గంటలకు అమ్మ వంకాయలు కడగడానికి చెంబుతో బకెట్లో నీళ్లు ముంచుకుంటోంది. కొళాయి పక్కనే ఉంది. "తిప్పుకోవచ్చు కదమ్మా" అన్నాను. మాట్లాడలేదు. నేను వెళ్లి తిప్పబోతే నాకే బలం పట్టింది. అప్పుడు ఆమె వేళ్లు చూశాను. కణుపులు వాచి ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?"

"సంక్రాంతప్పటి నుంచి. పొద్దున కాలేజీకి పొయ్యేముందు పాప పట్టి పెట్టిపోతాదిలే."

ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే పీకేస్తారు కదరా" అంది.

కారిపోయే నీళ్లను లీటర్ల లెక్కన కొలిచినవాణ్ని. కొళాయి తిప్పలేక అమ్మ నెలల తరబడి బకెట్టు నీళ్లతో నెట్టుకొస్తున్న సంగతి నా లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రం అమ్మనే దుకాణానికి తీసుకెళ్లాను. పావు చుట్టుతో ఆగే పిడి కొళాయి ఎంచుకుంది. ఇందులో రబ్బరు బదులు రెండు పింగాణీ బిళ్లలు ఒకదానిపై ఒకటి జరుగుతాయి. వేళ్లతో పట్టక్కర్లేదు, మోచేత్తో తోసినా చాలు. లోపలి భాగం విడిగా దొరుకుతుందా, మెడ కింద పెద్ద అన్నం గిన్నె పడుతుందా అని ఆమే అడిగింది. ఇసుక పడితే బిళ్లలు గీరుకుపోతాయని, సంపు, ట్యాంకు కడిగించాకే ప్లంబరు బిగించాడు.

మీ ఇంట్లోనూ కొళాయి కారుతుంటే ముందు వాషరు మార్చండి. మార్చిన కొద్ది వారాలకే మళ్లీ కారితే అంచు చూపించండి. దాంతోపాటు, ఇంట్లో పెద్దవాళ్లు ఆ కొళాయిని ఒక చేత్తో తిప్పుతున్నారో, రెండు చేతులతోనో ఓసారి గమనించండి.

పాతదాన్ని పాత సామాన్లకు వెయ్యనివ్వలేదు అమ్మ. పెరట్లో బియ్యం కడిగిన నీళ్లు పోసే డ్రమ్ముకు బిగించమంది. అక్కడా కారుతూనే ఉంది. ఆ చుక్కలన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో పడతాయి.

"దాన్ని మాత్రం బాగు చెయ్యొద్దు" అంది ప్లంబరుతో.