తేటనీరు – మంచినీరు

ఖమ్మము పట్టణము విడిచి భద్రాచలము వైపు సాగినకొలది పొలములు తగ్గి అడవులు దట్టమగును. కిన్నెరసాని గోదావరిలో కలియు ఆ సీమయందు కోయలు, కొండరెడ్లు తరతరములుగా నివసించుచున్నారు. వానకాలమున అచ్చటి వాగులు బురదనీటితో పొంగి పాఱును. అట్టి నీటిని తేర్చుటకు మన పెద్దలెఱిగిన సాధనము చిల్లగింజ. గింజను కుండ లోపలి అంచున అరగదీసి నీరు పోసినచో, కొంతసేపటికి మట్టి అడుగున పేరుకొని తేటనీరు పైన నిలుచును.

కాని తేటనీరంతయు మంచినీరేనా?

జపాను దేశమున మినమాటా అను సముద్రతీరపు పట్టణము కలదు. 1956వ సంవత్సరమున అచ్చట చేతులు వణకుట, మాట తడబడుట, చూపు తగ్గుట మొదలగు లక్షణములు గల వింతజబ్బు బయటపడెను. మొదట పసిపిల్లలే దాని వాతబడిరి. అంతకుముందే ఆ ఊరి పిల్లులు గింగిరులు తిరిగి చచ్చుచుండెను. ఒక కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము చేపలలో చేరి, ఆ చేపలు తినినవారి శరీరములలో ప్రవేశించినదని తరువాత తేలినది.

బురద కంటికి కనబడును. నీట కరగిన లోహము కనబడదు. లీటరు త్రాగునీటిలో సీసము 0.01 మిల్లీగ్రామును, పాదరసము 0.001 మిల్లీగ్రామును మించరాదని మన దేశపు ప్రమాణము. అంత స్వల్పమైనదానిని ఏ కన్ను పట్టగలదు?

ఈ కనబడని శత్రువును పట్టుటకు కూడ అడవియే ఒక ఉపాయము చూపినది. ఆకులు రాల్చిన కొమ్మలపై పెద్ద పెద్ద పసుపుపచ్చని పూలు పూచు చెట్టు కొండగోగు. దాని బెరడునుండి కారు బంకను గిరిజనులు సేకరించి అమ్ముకొందురు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు శశిధర్, ఆయన సహచరులు దానిని పరీక్షించి, సీసము, కాడ్మియము, నికెలు, క్రోమియము వంటి లోహములను అది నీటినుండి గ్రహించునని 2010వ సంవత్సర ప్రాంతమున ప్రకటించిరి. ఇందలి కారణము సులభము. బంకలోని ఆమ్లభాగములు నీటియందు ఋణవిద్యుదావేశమును పొందును. కరగిన లోహపు కణములు, అనగా అయానులు, ధనావేశము గలవి. విరుద్ధావేశములు ఒకదానినొకటి ఆకర్షించును గనుక లోహము బంకను అంటిపెట్టుకొనును.

అంతటితో ఆగక ఆ శాస్త్రజ్ఞులు అదే బంకతో వెండిని అతిసూక్ష్మకణములుగా మార్చి నీటిలో నిలిపిరి. ఆ ద్రవము పసుపుపచ్చగా నుండును. పాదరసపు అయానులు గల నీరు సోకినచో ఆ రంగు వెలిసిపోవును. ఈ సంగతి 2014లో ప్రచురింపబడెను. చీకటిలో దొంగ జాడ తెలిసి కుక్క మొఱిగినట్లు, ఆ రంగు మన కంటికందని అపాయమును ముందుగా తెలుపుచున్నది.

ఇది ప్రయోగశాలలో లభించిన విజయము. దీనిని ఊరూరి బావికిని, ఇంటింటి కుండకును చేర్చుట ముందున్న కార్యము. అందుకు శాస్త్రజ్ఞుని బుద్ధి ఒక్కటియే చాలదు. బంకకై బెరడును లోతుగా నరికినచో చెట్టు ఎండిపోవును. చెట్టు పోయినచో దానితోపాటు దాని గుణమును పోవును. కావున పైపైన గాటుపెట్టి చెట్టును బ్రతికించుకొను గిరిజనుని నేర్పును ఈ పనిలో భాగమే. ఆ నేర్పునకు తగిన వెల లభించిననాడే చెట్టును నిలుచును.

బాలలారా! లోటాలోని నీటిని వెలుతురున చూచి తేటగా నున్నదని తృప్తిపడుట సులభము. అది ఏ కొండనుండి, ఏ కర్మాగారపు ప్రక్కనుండి వచ్చినదో విచారించుట మన ధర్మము.