ఏ పుంజును ఉంచాలె?

మా ఇండ్లల్ల భూమి లేనోళ్లకు కూడా పెరట్ల కోళ్లుంటయి. ఆలూర్ల మా తాతల నుంచి మాకు ఒక్క గుంట పొలం లేదు. పసుపు ఊరోళ్లది, కొమ్ములేరే చేతులు మావి. అమ్మీ బీడీలు చుట్టింది. మేం బీఏ చదివి పత్రికల పడ్డం. ఒక్కడివి, 'మేం' ఏందని అడుగుతరేమో. మా ఉర్దూల ఒక్కడు మాట్లాడినా 'హమ్' అనే అంటడు. తెలుగుల రాస్తే మాత్రం ఆ అలవాటు ఎట్ల పోతది?

ఈసారి పెరట్ల పెట్టలు తొమ్మిది, పుంజులు రెండు. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. రెండుంటే ఒకదాన్నొకటి పొడుసుకుంటయి, మధ్యల పెట్టల వీపుల మీద ఈకలు రాలుతయి. ఒకటి ఉండాలె, ఒకటి పోవాలె. ఏది?

ఒకటి మా పెట్ట పొదిగితే పుట్టింది. ఎర్రగ, మామూలుగ ఉంటది. రెండోది హైదరాబాద్ నుంచి మామూ తెచ్చిచ్చిన అసీల్. మెడ నిటారుగ, కాళ్లు పొడుగ్గ, నడిస్తే నవాబు నడిచినట్టే. "నసల్ చూడుండ్రి, నసల్" అని మామూ గొప్పగ చెప్పిండు.

ఈ అసీల్ ముచ్చట కొంచెం చెప్పాలె. అరబ్బీల 'అసల్' అంటే వేరు, మూలం. మూలం మంచిదైతే అసీల్. పేరు అరబ్బీది, పక్షి మాత్రం ఈ గడ్డదే. ఆంధ్ర, ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ దాని సొంత తావులని పశువుల శాస్త్రం పుస్తకాలే రాస్తయి. అందుల రకాలు చూడుండ్రి: నల్లది కాగర్, తెల్లది నూరీ, నలుపు ఎరుపు కలిసింది యాకూబ్. మా మొహల్లాల పిల్లల హాజరుపట్టీ చదివినట్టుంటది. సంక్రాంతికి భీమవరం దిక్కు బరిల దింపేటోళ్లు కుక్కుట శాస్త్రం లెక్కన ఆ నల్లదాన్నే కాకి అంటరు, తెల్లదాన్ని సేతువ అంటరు. కోడి మాత్రం రెండు పేర్లకూ పలుకుతది. దాన్ని ఎవరూ నీ దేశమేది అని అడుగరు.

మమ్మల్ని అడుగుతరు. మేం తెలుగుల రాసింది చదివి, "భాష బాగుందే, అసలు మీదే ఊరు?" అని. ఆలూర్ అంటే తృప్తి ఉండదు. "అది కాదు, అసలు?" అని మళ్ల అడుగుతరు. ఆ 'అసలు' కూడా అరబ్బీ 'అసల్' నుంచే వచ్చింది. మా మాటతోనే మమ్మల్ని అడుగుతున్నరని వాళ్లకు తెలువది. మేం కూడా చెప్పలేదు. ఎన్నిసార్లని చెప్తం?

బయటోళ్లనే అంటే సరిపోదు. మాల మాకు నసల్ పిచ్చి తక్కువున్నదా? షాదీ మాటలల్ల ముందు ఖాందాన్ అడుగుతరు, పిల్లగాడు ఏం చేస్తడో తర్వాత. సయ్యద్, పఠాన్ అంటే కుర్చీ జరుగుతది. దూదేకులోళ్లు అంటే మొఖం మారుతది. దూదేకులోళ్లు సర్కారు లెక్కల బీసీ-బి. 2007ల ఇంకొన్ని బిరాదరీలకు బీసీ-ఇ అని పెట్టి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిండ్రు, అందుల సయ్యద్, పఠాన్, మొఘల్ లేరు. అందరం ఒకటే సఫ్‌ల నిలబడి నమాజు చేస్తం, సర్కారు కాయితం మాత్రం మా లోపలి మెట్లను చూపెట్టింది. దాన్ని మేం ఎక్కువ మాట్లాడం.

అమ్మీ నసల్ చూడదు. ఆమె పరీక్ష వేరు. గుప్పెడు ఎర్రజొన్నలు చల్లి గడపల కూసుంటది. ఎర్రది ఒక గింజ నోట్ల పట్టి, కింద పెట్టి, మళ్ల పట్టి, కుక్ కుక్ అని పెట్టలను పిలుస్తది. అవి తిన్నంక తను తింటది. అసీల్ తనే మెక్కుతది, దగ్గరికొచ్చిన పెట్టను పొడుస్తది. గద్ద నీడ పడితే ఎర్రది ఒక తీరు అరుస్తది, పిల్లి వస్తే ఇంకో తీరు. పెట్టలకు ఆ తేడా తెలుసు, మొదటి కూతకు పొదల దూరుతయి. మనుమరాలు గుడ్లకు పోతే ఎర్రది పక్కకు జరుగుతది, అసీల్ ఎగిరి తంతది. ఇంకో లెక్క కూడా ఉన్నది: అసీల్ పెట్టలు పొదుగుడుల గట్టియి గని గుడ్లు తక్కువ పెడతయి. ఆ పుంజు నెత్తురొస్తే పిల్లలకూ అదే తీరు. గుడ్లమ్మి సబ్బు, చాపత్తా తెచ్చుకునే ఇంటికి నవాబు ఎందుకు?

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థోళ్లు తీసిన వనరాజా తెచ్చుకోరాదా అన్నం. గుడ్లు బాగ పెడతది గని పొదగది, ప్రతిసారి పిల్లలను కొనాలె అన్నది అమ్మీ.

అట్లయితే ఎర్రదాన్నే ఉంచాలె కదా. అదీ కాదు. ఈ తొమ్మిదిట్ల ఐదు పెట్టలు దాని అక్కచెల్లెండ్లే. అట్లనే వదిలేస్తే రెండు మూడు తరాలకు పిల్లలు ఈడ్చుకుపోతయి, గుడ్లు మురుగుతయి, కొక్కెర తెగులొస్తే తట్టుకోవు. "నెత్తురు మారాలె" అన్నది అమ్మీ. గోడవతల మున్నూరుకాపోళ్ల వదినెను పిలిచింది. వాళ్ల పెరట్ల కూడా అదే బాధ.

"బీబమ్మా, మీది మంచి గుణముంది, మాకియ్యి. మా తెల్లది మీకిస్త" అన్నదామె.

"తెల్లది పిల్లలను పొడుస్తదా వదినె?"

"పొడిస్తే నేనే కోసుకుందు గద."

పైసల మాట రాలేదు. ఆమె ఎర్రదాన్ని చంకల పెట్టుకొని పోయింది. తెల్లదాని కాలికి మేం దారం కట్టి చింతచెట్టు కింద మూడు రోజులు ఉంచినం, లేకపోతే గోడ దూకి పోతది. నాలుగోనాడు జొన్నలు చల్లితే పెట్టలను పిలిచింది. అమ్మీ దారం విప్పింది.

పుంజును తిట్టొద్దని, అది నమాజుకు లేపుతదని హదీసుల ఉన్నది. అందుకని అసీల్‌ను కూడా ఎవరం ఒక్క మాట అనలేదు. నీళ్లు తాపి, బిస్మిల్లా చెప్పి కోసినం. మామూ రెండు రోజులు మాతోని మాట్లాడలేదు. సాలన్ మాత్రం రెండుసార్లు వేయించుకున్నడు.