వేల, వేళ

ప్లేనో వస్తే ముందు 15వ వీధిలో నడవండి. పాత ఇటుక భవనాలు, పక్కనే హాగర్డ్ పార్కు. మా అక్క ఇల్లు ఈ ఊళ్ళోనే. అక్క కూతురు కాలేజీలో అ కాపెల్లా బృందంలో పాడుతుంది.

అ కాపెల్లా అంటే వాయిద్యాలు లేని పాట. డప్పు మోత కూడా నోటితోనే పలికించాలి. హిందీ పాటలు ఇలా పాడిన మొదటి బృందం పెన్ మసాలా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైంది. అదే ఏడు మొదలైన ఐసీసీఏ అనే కాలేజీల పోటీలో ఒక్కో బృందానికి కొద్ది నిమిషాలే ఇస్తారు.

ఈసారి మా పిల్ల పోటీకి ఒక తెలుగు పాట ఎంచుకుంది. తనకు తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. అందుకే "వేళ" కాస్తా "వేల" అయింది! తబలా ఉంటే కొంత కప్పిపుచ్చేది. ఇక్కడ ఆ వీలు లేదు.

పోటీకి వారం ముందు మారిషస్‌లోని అమ్మమ్మకు ఫోన్ చేసింది. అమ్మమ్మకూ తెలుగు రాయడం రాదు. రామభజనంలో విని నేర్చుకుంది.

"నాలుక పైకి మడిచి అను తల్లీ" అంది అమ్మమ్మ. రోజూ రాత్రి ఫోన్‌లో అదే పాఠం.

బహుమతి రాలేదు. "వేళ" మాత్రం చివరి వరసలో కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. మీరూ ఒకసారి పైకి అనండి: వేల, వేళ.